కథకు బొమ్మ అలంకారమా? శంకర్ బేతాళ చిత్రం: ఒక పరిశీలన

పిల్లల కథకు వేసే బొమ్మను కేవలం అలంకారంగా భావించి, దాన్ని వేసినవారిని కళాకారుల వరుసలో చేర్చడానికి వెనకాడటం మీరు గమనించే ఉంటారు. ఈ అభిప్రాయం ఎంతవరకు సరైనదో 'చందమామ' శంకర్ కృషి ఆధారంగా పరిశీలిద్దాం.

తమిళనాడుకు చెందిన కె.సి. శివశంకరన్ (1924-2020) మద్రాసులో చిత్రకళ అభ్యసించారు. 1952లో చందమామలో చేరి, వృద్ధాప్యంలోనూ ఆ పత్రికకు బొమ్మలు వేశారు. 2021లో మరణానంతరం పద్మశ్రీ ప్రకటించారు.

ఆయన బేతాళ కథల బొమ్మను గుర్తుకు తెచ్చుకోండి. శ్మశానం, చేత కత్తి, భుజాన శవం, నడిచే విక్రమార్కుడు. శవం మళ్ళీ చెట్టెక్కే ఘట్టం ఇంతకన్నా అద్భుతమైనది. అయినా చిత్రకారుడు నడకనే ఎంచుకున్నారు. ఎందుకు? వీపు వెనక వేలాడే శవాన్ని మోసేవాడు చూడలేడు; చదివే పిల్లవాడు చూస్తాడు. భయం పాఠకుడిది, ధైర్యం రాజుది. కథ మాటల్లో చెప్పని ఈ సంబంధాన్ని బొమ్మ కల్పించింది. కనుక ఇది అలంకారం కాదు, వ్యాఖ్యానం.

పరిమితి లేకపోలేదు. ఆయన రాజులు, మునులు, రాకుమార్తెలు తరచు ఒకే మూసలో కనిపిస్తారు. అయితే నెలనెలా ఒకే విధంగా మొదలయ్యే కథకు ఆ మూసే గుర్తింపునిచ్చింది.

జీవితమంతా ఒక కళను ప్రేమించడం గౌరవించదగినది. కాని గొప్పతనానికి అది రుజువు కాదు. రుజువును బొమ్మలోనే వెతకాలి.

అభ్యాసం: ఏదైనా పిల్లల పుస్తకంలోని ఒక బొమ్మను తీసుకొని, కథ చెప్పనిది అది ఏం చెబుతోందో ఐదు వాక్యాల్లో రాయండి.