బొమ్మను చదవని పరిశోధన: తెలుగు కథాచిత్రకారుల తొలి పనులు, సొంత గీతలు, చిత్తుపుస్తకాలు

వ్యాససంగ్రహం:
తెలుగు కథ, నవల మీద వచ్చిన పరిశోధనల్లో అధికభాగం ముద్రిత పాఠాన్నే ఆధారంగా తీసుకున్నాయి. ఆ పాఠంతోపాటు అచ్చయిన బొమ్మను అలంకారంగా భావించి పక్కన పెట్టాయి. కథాచిత్రకారుడు పత్రికల కోసం చేసిన పని, తనకోసం గీసుకున్న చిత్తుబొమ్మలు సాహిత్య పరిశోధనకు ఆధారాలేనని, వాటిని చదవడానికి కావలసిన ఒక పద్ధతి వరంగల్ ప్రాంతపు పటంకథల్లో ఉందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: కథాచిత్రం, ఉపపాఠం, బాపు, చంద్ర, ఏలె లక్ష్మణ్, చేర్యాల పటం.

1. ప్రవేశం

పాత వారపత్రికల కోసం గ్రంథాలయానికి వెళ్లిన పరిశోధకులందరికీ ఒక అనుభవం ఉంటుంది. సంచికలను సంపుటాలుగా బైండు చేసేటప్పుడు ముఖచిత్రాలను, ప్రకటనల పుటలను తీసివేస్తారు. ధారావాహిక నవల పుస్తకంగా వచ్చినప్పుడు లోపలి బొమ్మలు కూడా చాలావరకు పోతాయి. నా పిహెచ్.డి. కాలంలో నేను చదివిన నవలల్లో ఎక్కువ భాగం ఇలా బొమ్మలు రాలిపోయినవే. పాఠకులు వారం వారం చదివిన నవల, నేను చదివిన నవల ఒకటి కావన్న సంగతి సిద్ధాంతగ్రంథం సమర్పించిన తరువాతగానీ నాకు స్ఫురించలేదు. ఉపయుక్త గ్రంథసూచికలో రచయిత, ప్రచురణకర్త, సంవత్సరం రాశాను. బొమ్మలు ఎవరు వేశారో ఒక్కచోట కూడా రాయలేదు. ఈ వ్యాసానికి మూలం ఆ లోపమే.

2. జెనెట్ వదిలిపెట్టిన చోటు

పుస్తకంలో అసలు పాఠాన్ని చుట్టుకొని ఉండే శీర్షిక, అంకితం, ముందుమాట, అట్ట వంటి వాటిని ఫ్రెంచి విమర్శకుడు జెరార్ జెనెట్ ఒక ప్రత్యేక వర్గంగా గుర్తించాడు. 'గడపలు' అనే అర్థమిచ్చే పేరుతో 1987లో వెలువడిన తన గ్రంథంలో వాటిని వివరంగా చర్చించాడు. ఈ వర్గాన్ని మనం ఉపపాఠం అనవచ్చు. అయితే ఆ గ్రంథం చివర, తాను చర్చించకుండా విడిచిపెట్టిన మూడు అంశాలను జెనెట్ స్వయంగా పేర్కొన్నాడు. అవి అనువాదం, ధారావాహిక ప్రచురణ, చిత్రణ.

ఇరవయ్యో శతాబ్దపు తెలుగు వచనసాహిత్య చరిత్రను ఈ మూడూ లేకుండా ఊహించలేము. మన నవల వారపత్రికలో ధారావాహికగా పెరిగింది. బొమ్మతోపాటు పాఠకుడి ఇంట అడుగుపెట్టింది. కాబట్టి జెనెట్ పరిభాషను యథాతథంగా అన్వయిస్తే మనకు అత్యంత ముఖ్యమైనదే జారిపోతుంది. ఈ ఖాళీని మన సామగ్రితో మనమే పూరించుకోవాలి.

3. అడిగి వేయించుకున్న బొమ్మ, అడగని బొమ్మ

బాపు (సత్తిరాజు లక్ష్మీనారాయణ, 1933–2014) ఇందుకు సమృద్ధమైన ఉదాహరణ. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు మద్రాసు నుంచి నడిపిన 'బాల' పత్రిక ఆయన గీతకు, ముళ్లపూడి వెంకటరమణ రాతకు తొలి వేదికల్లో ఒకటి. 1955లో న్యాయశాస్త్ర పట్టా పొందినా ఆయన జీవితం బొమ్మలతోనే ముడిపడింది. పత్రికల కథాచిత్రాలు, కార్టూన్లు, పుస్తకాల అట్టలు, ప్రకటనల సంస్థలో పని ఆయన తొలి దశ.

1950లలో 'ఆంధ్రపత్రిక' వారపత్రికలో వచ్చిన 'బుడుగు'ను ఈ దృష్టితో పరిశీలించవచ్చు. కథనం ఆ పిల్లవాడి సొంత గొంతు. తన గురించి తాను చెప్పుకొనేవాడు తనను బయటినుంచి చూడలేడు. ఆ బయటి చూపును బాపు గీత సమకూర్చింది. మాటల్లో బుడుగు తనను పెద్దవాడిగా ప్రకటించుకుంటాడు. అదే పుటలోని బొమ్మ వాడెంత చిన్నవాడో చూపుతుంది. హాస్యం ఈ రెండింటి మధ్య ఉన్న ఎడంలో పుడుతున్నది. బొమ్మలు తీసివేసి 'బుడుగు'లోని కథనదృష్టిని చర్చించే పరిశోధన సగం సాక్ష్యంతో తీర్పు చెప్పినట్లే.

బాపు చేతిరాత మరొక అంశం. కార్టూన్ కింద వ్యాఖ్యను, కథ శీర్షికను ఆయన తన చేత్తోనే రాసేవారు. ఆ అక్షరాలు తరువాత కంప్యూటరు ఖతులుగా కూడా వచ్చాయి. ఇక్కడ అక్షరం బొమ్మలో భాగమైంది. పాఠం ఎక్కడ ముగిసి చిత్రం ఎక్కడ మొదలవుతుందో గీత గీసి చూపడం కష్టం.

ఇవి సంపాదకులు, ప్రచురణకర్తలు అడిగి వేయించుకున్నవి. వీటికి భిన్నమైనవి తన పనికోసం తాను వేసుకున్న బొమ్మలు. సినిమా తీయడానికి ముందే దృశ్యాలను వరుసగా బొమ్మలుగా వేసుకోవడం దర్శకుడిగా బాపు పద్ధతి. ఇవి అచ్చుకోసం పుట్టినవి కావు. చిత్రకారుడు కథను ఏ కోణంలో చదివాడో, ఎక్కడ ఆగాడో, దేన్ని విడిచిపెట్టాడో తెలిపే పఠనపత్రాలు. రచయిత రాతప్రతిలోని కొట్టివేతలకు పాఠపరిష్కరణలో ఎంత విలువ ఉందో, చిత్తుబొమ్మలకు చిత్రకథన పరిశీలనలో అంత విలువ ఉంది.

4. 'బాపు బొమ్మ' తెచ్చిన చిక్కు

చిత్రకారుడి పఠనం ఎప్పుడూ రచనకు న్యాయం చేస్తుందని చెప్పలేము. వారం గడువులోపల బొమ్మ ఇవ్వవలసిన వ్యక్తి కథను పూర్తిగా చదివే వీలు కూడా ఉండకపోవచ్చు. ఇంతకన్నా లోతైన చిక్కు మరొకటి ఉంది. 'బాపు బొమ్మ' అనే మాట తెలుగులో అందమైన అమ్మాయికి పర్యాయపదమైంది. ఒక చిత్రకారుడి సొంత ఆదర్శం వేర్వేరు రచయితల, వేర్వేరు సామాజిక వర్గాల నాయికలకు ఒకే ముఖాన్ని ఇవ్వగల శక్తి సంపాదించిందనడానికి ఈ నుడి సాక్ష్యం. రచయిత్రి ఒక స్త్రీ అలసటను రాస్తే, బొమ్మ ఆమె సొగసును చూపవచ్చు. ఈ ఘర్షణ కూడా పరిశోధనాంశమే. బొమ్మను ప్రమాణంగా తీసుకోనక్కరలేదు. దానిని ఆనాటి పఠనానికి ఆధారంగా తీసుకుంటే చాలు.

ఈ సందర్భంలో తెలంగాణ చిత్రకారుల పని ప్రత్యేకంగా చూడదగినది. వరంగల్ జిల్లాలో 1946లో పుట్టి 2021లో కన్నుమూసిన చంద్ర వారపత్రికల కథలకు, అభ్యుదయ విప్లవ సాహిత్యపు అట్టలకు ఒకే చేత్తో బొమ్మలు వేశారు. ఈ రెండు రకాల పనుల్లో ఆయన గీత ఎక్కడ మారింది, ఎక్కడ మారలేదు అన్నది ఒక సిద్ధాంతగ్రంథానికి తగిన ప్రశ్న. నేత కుటుంబంలో పుట్టిన ఏలె లక్ష్మణ్ సైన్‌బోర్డులు రాయడంతో మొదలై, పుస్తకాల అట్టల మీదుగా, తెలంగాణ పల్లె మనుషులను పెద్ద చిత్రాలుగా వేసే సొంత దారికి చేరుకున్నారు. 2014లో తెలంగాణ రాష్ట్రం స్వీకరించిన అధికార చిహ్నం ఆయన రూపకల్పనే. అందులోని కాకతీయ కళాతోరణం మా ఓరుగల్లుదే. బతుకుతెరువు కోసం చేసిన తొలి పనిని, తనకోసం చేసిన పనిని వేరువేరు గదుల్లో పెట్టి చూడరాదని ఈ ప్రయాణం తెలుపుతుంది.

5. పటం నేర్పే పద్ధతి

బొమ్మను ఉపపాఠం అనడంలోనే అది ద్వితీయమన్న భావన దాగి ఉంది. మన ప్రాంతపు పటంకథ దీనిని తలకిందులు చేస్తుంది. ఒకప్పటి వరంగల్ జిల్లాలోని చేర్యాల నకాషీ చిత్రకారులు బట్టకు గంజి, సుద్దమన్ను, చింతగింజల అంబలి పూసి, ఆరబెట్టి, చిత్రించే తలాన్ని తామే తయారుచేసుకుంటారు. పటం వేయించుకునేది కథకులు. పద్మశాలీలకు కూనపులివారు, మాదిగలకు డక్కలివారు పటం చూపుతూ కులపురాణం చెబుతారు. కథకుడు పటాన్ని విప్పుతూ బొమ్మ వెంట బొమ్మను చూపుతూ పాడతాడు. అక్కడ బొమ్మే పాఠం, పాట దాని పఠనం.

అంటే అడిగి వేయించుకున్న బొమ్మ సృజనాత్మకం కాదన్న అపోహ మన సంప్రదాయంలో నిలవదు. పటంకథను పరిశోధించేటప్పుడు చిత్రాన్ని, గానాన్ని కలిపి చదివే మనం, అచ్చుకథ దగ్గరికి వచ్చేసరికి చిత్రాన్ని ఎందుకు విడిచిపెడుతున్నాము? జానపద విభాగం ఒక పద్ధతిని, ఆధునిక సాహిత్య విభాగం మరొక పద్ధతిని పాటించడమే తప్ప దీనికి శాస్త్రీయ కారణం కనిపించదు.

6. ముగింపు

రాజమహేంద్రవరంలో దామెర్ల రామారావు (1897–1925) పేరిట నెలకొన్న చిత్రశాలలో ఆయన వర్ణచిత్రాలతోపాటు పెన్సిలు చిత్తుబొమ్మలు కూడా భద్రమయ్యాయి. అల్పాయుష్కుడైన ఆ చిత్రకారుడి కృషిని నేడు అధ్యయనం చేయగలుగుతున్నామంటే ఆ భద్రతే కారణం. పత్రికలకు బొమ్మలు వేసినవారికి అటువంటి ఆదరణ అరుదు. అచ్చు పూర్తయ్యాక మూలచిత్రం పత్రిక కార్యాలయంలోనే ఉండిపోతే, చిత్తుపుస్తకం కుటుంబసభ్యుల అటక మీదికి చేరుతుంది.

ఈ పరిశీలన నుంచి మూడు పనులు తేలుతున్నాయి. సిద్ధాంతగ్రంథాల ఆధారసూచికలో చిత్రకారుడి పేరుకు చోటివ్వాలి. పేరు అచ్చుకాని చోట 'వ.పా.' వంటి పొట్టి సంతకాలే కర్తృత్వ నిర్ణయానికి దారి. ధారావాహికలను పరిశీలించేవారు బొమ్మలున్న తొలి ప్రచురణను తప్పక చూడాలి. 1904 నుంచి హనుమకొండలో ఉన్న రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషానిలయం వంటి పాత గ్రంథాలయాలతోను, వరంగల్లోని జానపద గిరిజన విజ్ఞాన పీఠంతోను కలిసి తెలుగు శాఖలు చిత్రకారుల కుటుంబాలను కలుసుకొని, చిత్తుపుస్తకాలను కనీసం ఛాయాప్రతులుగానైనా సేకరించాలి.

మొదటి రెండు పనులకు నిధులు అక్కరలేదు. ఈ సంవత్సరం నా పర్యవేక్షణలో సమర్పించే గ్రంథసూచికలతోనే వాటిని మొదలుపెట్టదలిచాను. మూడవదానికి మాత్రం కాలం అనుకూలంగా లేదు. పెన్సిలు గీతను చెదలు ఒక్క వానకాలంలో తినివేయగలదు.