గాజు లేని గురి

అద్దం ఎంత పెద్దదిగా చూపిస్తే గురి అంత బాగా కుదురుతుందని చాలామంది నమ్మకం. రైఫిలు మీద బిగించే స్కోపయినా, పక్షుల్ని చూసే బైనాక్యులరయినా కొనేవాళ్లు మొదట అడిగేది ఒక్కటే: ‘ఎన్ని ఎక్స్?’ నాలుగు కన్నా పది మేలు, పది కన్నా ఇరవై మేలు అన్న లెక్క. భద్రాచలం ఏజెన్సీలో తరతరాలుగా వెదురు విల్లు పట్టిన కోయ విలుకాండ్రకు ఆ లెక్కతో పని పడలేదు. వాళ్ల విల్లుకు అద్దం లేదు, అద్దం మీద చుక్కా లేదు. ఉన్నదల్లా కన్ను, చెయ్యి, ఈ రెంటి మధ్య చిన్నప్పటి నుంచి కుదిరిన ఒప్పందం. ఆ విద్య ఎంత గట్టిదో తెలియాలంటే, అద్దం ఏం చేయగలదో, ఏం చేయలేదో ముందు తెలుసుకోవాలి.

స్కోపు అనగానే గుర్తొచ్చే సెమీ ఆటోమేటిక్ రైఫిలు మన దేశంలో మామూలు పౌరుడి చేతికి దాదాపు అందనిది. ఆయుధాల చట్టం అంత కట్టుదిట్టంగా ఉంది, అలా ఉండడమే మంచిది. అలాంటి రైఫిళ్లు, వాటి మీది స్కోపులు సైన్యానికీ, పోలీసు బలగాలకూ సంబంధించిన విషయం. కానీ స్కోపు ఎంచుకోవడంలో ఉన్న కిటుకు మాత్రం దూరాన్ని చూసే ప్రతి అద్దానికీ వర్తిస్తుంది. పెద్దది చేసే కొద్దీ కనిపించే మేర కుంచించుకుపోతుంది. చేతి వణుకు కూడా అన్ని రెట్లూ పెరిగి కనిపిస్తుంది. వెలుగు తగ్గుతుంది. 42 మిల్లీమీటర్ల ముందు అద్దం ఉన్న బైనాక్యులర్ ఎనిమిది రెట్లదైతే కంటికి చేరే వెలుగు కట్ట మందం 42ను 8తో భాగిస్తే వచ్చేంత, అంటే 5 మిల్లీమీటర్ల పైచిలుకు. పది రెట్లదైతే 4.2. ఇరవై రెట్లదైతే 2.1 మాత్రమే. సందె చీకట్లో కుర్రవాళ్ల కనుపాప ఆరేడు మిల్లీమీటర్ల దాకా విచ్చుకుంటుంది. అది అంత విచ్చుకున్నా, అద్దం నుంచి వచ్చే వెలుగు దాన్ని నింపకపోతే బొమ్మ మసకబారుతుంది. పొద్దు వాలాక అడవి అంచున నిలబడి బైనాక్యులర్ పెట్టుకున్న ప్రతివాళ్లకూ ఇది అనుభవమే.

పైగా కిన్నెరసాని వైపు గానీ, దుమ్ముగూడెం, చర్ల దాటి ఛత్తీస్‌గఢ్ సరిహద్దు వైపు గానీ అడవి తీరు చూడండి. టేకు, వెదురు పొదలు, మధ్యలో ఎగుడుదిగుడు నేల. వానాకాలం ఆకు దట్టంగా ఉన్నప్పుడు చూపు ఎటు తిప్పినా కొద్ది దూరంలోనే ఆగిపోతుంది. అలాంటి చోట పది రెట్లు పెద్దది చేసే అద్దం కంటి నిండా ఆకుల్నే చూపిస్తుంది. పిట్ట ఎక్కడుందో వెతుక్కునే లోపు ఎగిరిపోతుంది. ఇక్కడికి ఎనిమిది రెట్లే మేలని పక్షి ప్రేమికులకు నేను చెప్పే మాట. రైఫిలు స్కోపులు తయారు చేసేవాళ్లు కూడా దగ్గరి చూపుకు ఒక రెట్టు నుంచి మొదలై ఆరు రెట్ల దాకా పెంచుకోగలిగేవి చేశారు. ఒక రెట్టు మీద పెట్టుకుంటే రెండు కళ్లూ తెరిచి చుట్టుపక్కలంతా చూడొచ్చు. రెండు కళ్లతో చూడడం ఎంత అవసరమో అడవిలో తిరిగేవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు.

తెలుగు నేల మీద గురి అద్దాన్ని శిఖరానికి తీసుకెళ్లింది మన విలుకాండ్రే. విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో వ్యక్తిగతంగానూ, మహిళల జట్టుతోనూ, మిక్స్‌డ్ జట్టుతోనూ మూడు స్వర్ణాలు గెలిచింది. వ్యక్తిగత ఫైనల్లో 150కి 149 పాయింట్లు. దూరం 50 మీటర్లు, పది పాయింట్ల వలయం అడ్డకొలత 8 సెంటీమీటర్లు. ఆమె పట్టేది కాంపౌండ్ విల్లు. దాని పిడి నుంచి ముందుకు సాగిన కడ్డీ చివర గుండ్రటి చట్రం ఉంటుంది. అందులో భూతద్దం, అద్దం మధ్యలో చుక్క, కింద విల్లు పక్కకు ఒరిగిందో లేదో చెప్పే నీటి బుడగ. కంటి ముందు నారిలో ఇరికించిన సన్నటి రంధ్రం. ఆ రంధ్రంలోంచి చట్రాన్ని, చట్రంలోంచి లక్ష్యాన్ని చూడాలి. ప్రపంచ విలువిద్య సమాఖ్య నిబంధనల ప్రకారం భూతద్దానికి అనుమతి కాంపౌండ్‌కే. ఒలింపిక్స్‌లో ఇప్పటిదాకా మనం చూసిన రికర్వ్ విల్లుకు గురి చూసే కడ్డీ ఉండొచ్చు గానీ అద్దం ఉండకూడదు.

కాంపౌండ్ విల్లు అద్దాన్ని ఎంచుకునే తీరు చూస్తే ‘ఎన్ని ఎక్స్’ అన్న ప్రశ్న ఎంత తప్పుదారి పట్టిస్తుందో తెలుస్తుంది. దాని శక్తిని డయాప్టర్లలో చెబుతారు. అర డయాప్టర్ అద్దం కంటికి 80 సెంటీమీటర్ల దూరంలో ఉంటే లక్ష్యం సుమారు 1.7 రెట్లు పెద్దదిగా కనిపిస్తుంది. అదే అద్దాన్ని చేతులు పొట్టిగా ఉన్న అమ్మాయి 65 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే ఒకటిన్నర రెట్లే. ముప్పావు డయాప్టర్ అద్దమైతే 80 సెంటీమీటర్ల దగ్గర రెండున్నర రెట్లు. అంటే అద్దం ఒక్కటే అయినా పట్టిన మనిషిని బట్టి దాని పని మారిపోతుంది. శక్తి పెంచే కొద్దీ బొమ్మ అలుక్కుపోతుంది కాబట్టి దాన్ని తేటపరచడానికి కంటి దగ్గరి రంధ్రంలో ఇంకో పల్చటి పుటాకార కటకం పెట్టుకుంటారు. అప్పుడది గెలీలియో వాడిన తరహా చిన్న దూరదర్శినే అవుతుంది.

ఇంత చేశాక కూడా చాలామంది విలుకాండ్రు తక్కువ శక్తి అద్దానికే తిరిగొస్తారు. పెద్ద అద్దంలో చుక్క లక్ష్యం నడిమి పసుపు వలయం మీద అటూ ఇటూ ఊగిసలాడడం మరీ స్పష్టంగా కనిపిస్తుంది. ఆ ఊగిసలాట ఎవరి చేతిలోనైనా ఉండేదే. అది కళ్లకు కట్టినట్టు కనిపించేసరికి మనసు తొందరపడి, చుక్క మధ్యలోకి వచ్చిన క్షణంలో బాణాన్ని లాగి వదిలేస్తుంది. ‘టార్గెట్ ప్యానిక్’ అని కోచ్‌లు భయపడేది దీనికే. కదలిక కాస్త తక్కువ కనిపిస్తే చెయ్యి తన పని తాను చేసుకుపోతుంది.

రైఫిలులోనూ ఇంతే. హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో దూరదర్శిని వాడనివ్వరు. కంటి దగ్గర ఒక రంధ్రం, గొట్టం చివర ఒక వలయం, అంతే. పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు. పెద్దది చేసి చూపే అద్దం లేకుండానే దాన్ని కొడుతున్నారు.

ఇక కోయ విల్లు సంగతి. కాంపౌండ్‌కూ దీనికీ ఉన్న అసలు తేడా అద్దం దగ్గర లేదు, బరువు దగ్గర ఉంది. కాంపౌండ్ విల్లు రెండు కొసలా కప్పీలుంటాయి. పూర్తిగా లాగాక చేతి మీద పడే బరువు చాలావరకు తగ్గిపోతుంది. అందుకే విలుకాడు తీరిగ్గా చుక్క చూసుకోగలడు. వెదురు విల్లులో లాగే కొద్దీ బరువు పెరుగుతూనే ఉంటుంది. పూర్తిగా లాగిన చోటే అది అన్నిటికన్నా బరువు. అక్కడ ఆగి చూసుకుందామంటే కండ వణుకుతుంది, గురి చెడుతుంది. కాబట్టి గురంతా లాగక ముందే, లాగుతుండగానే కుదరాలి. చూపు లక్ష్యం మీద, అదీ లక్ష్యంలో ఒక చిన్న చోటు మీద నిలుస్తుంది. విల్లెత్తిన చెయ్యి ఆ చూపు వెంట వెళ్తుంది. నారి లాగిన చెయ్యి ప్రతిసారీ ఒంటి మీద ఒకే చోటికి వచ్చి ఆగుతుంది, ఆగీ ఆగకముందే వదులుతుంది. అక్కడ అద్దం పెట్టినా చూసే వ్యవధి లేదు.

విల్లు చేయడంలోనే సగం గురి ఉంది. గట్టి విల్లుకు బోలు లేని సాధనపు వెదురు మేలు. లేత బొంగు పనికిరాదు, బాగా ముదిరి ఎండిందీ పనికిరాదు. వెదురులో పీచు లోపలి కన్నా పై పెంకు దగ్గర దట్టం. బలమంతా ఆ పెంకులోనే ఉంది కాబట్టి చెక్కేవాడు దాన్ని చెడగొట్టడు, చెక్కుడంతా లోపలి వైపే. రెండు కొసలూ సమంగా వంగుతున్నాయా అని మోకాలికి ఆనించి వంచి చూస్తాడు, మళ్లీ రెండు పొరలు తీస్తాడు, మళ్లీ వంచి చూస్తాడు. నారి కూడా వెదురుదే: పల్చగా చీల్చిన బద్ద, కొసల్లో నార ముడి. వెదురు బద్ద పెద్దగా సాగదు. నారి సాగకపోతే ఈ బాణానికీ ఆ బాణానికీ వేగంలో తేడా రాదు. లక్షలు పోసి కొన్న విల్లుకు సాగని కృత్రిమ దారం నారి వేసేది కూడా ఇందుకే. బాణానికి ఇనుప ములికి వేరు, పిట్టల కోసం మొద్దు కొస వేరు. మొద్దు కొస చెట్టులో దిగబడి పోదు, కింద పడుతుంది, ఏరుకోవచ్చు.

ఈ విద్యలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది దూరం అంచనా. లెక్క వేసి చూద్దాం. బాణం సెకనుకు 40 మీటర్ల వేగంతో పోతుందనుకుంటే, 20 మీటర్లు వెళ్లే అర సెకనులో అది తిన్నని గీత నుంచి మీటరుకు పైగా కిందికి జారుతుంది. అందుకే గురి కాస్త పైకి. ఇరవై మీటర్లనుకుని వదిలిన బాణం, లక్ష్యం నిజానికి ఇరవై అయిదు మీటర్లలో ఉంటే దాదాపు మూరెడు కింద తగులుతుంది. అయిదు మీటర్ల పొరపాటుకు మూరెడు తేడా! ఎంత పెద్దది చేసి చూపే అద్దమూ ఈ పొరపాటును దిద్దదు. పోటీ మైదానంలో దూరం ముందే కొలిచి ఉంటుంది. వాగు దాటి, ఎత్తు పల్లాల మీద, చెట్ల నీడలో దూరం కొలిచి పెట్టేవాడు లేడు. ఎగువకు వేసేటప్పుడు ఒకలా, దిగువకు వేసేటప్పుడు ఒకలా కన్ను మోసపోతుంది. ఆ మోసాన్ని ఏళ్ల తరబడి వేసి వేసి కన్నే దిద్దుకుంటుంది. రైఫిలు షూటర్లు దూరం కొలవడానికి లేజరు పరికరాలు కొనుక్కునేది ఈ ఒక్క నేర్పును భర్తీ చేయడానికే.

ఈ ప్రాంతపు కోయల గురించి దుమ్ముగూడెంలో ఉన్న మిషనరీ జాన్ కెయిన్ 1870ల్లోనే ‘ఇండియన్ ఆంటిక్వరీ’లో రాశాడు. గోదావరికి రెండు గట్లా పాపికొండల్లోని కొండరెడ్ల జీవితాన్ని మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ 1945లో పుస్తకంగా తెచ్చాడు. ఆ కాలంలో విల్లు తిండికీ, రక్షణకూ ఆధారం. ఇప్పుడు కాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత వేట నేరం, అడవిలో మిగిలిన జంతువుల్ని చూస్తే ఆ చట్టం లేకపోతే ఏమయ్యేదో ఊహించడానికే భయమేస్తుంది. అయినా విల్లు పోలేదు. విత్తనాలు చల్లే ముందు వచ్చే భూమి పండుగలో మగవాళ్లు ఇవాళ్టికీ విల్లంబులు పట్టుకుని అడవికి బయల్దేరతారు. ఆ రోజుల్లో ఆడవాళ్లు రోడ్డు మీద వచ్చే పోయే వాళ్లను ఆపి పండుగ డబ్బులు అడుగుతారు. పండుగ మంచిదే. కానీ ఏడాదికోసారి చేతిలోకి వచ్చే విల్లుతో గురి నిలవదు. దానికి రోజూ సాధన కావాలి, సాధనకు ఒక కారణం కావాలి.

ఆ కారణం ఆటలో దొరుకుతుంది. మన జాతీయ పోటీల్లో ‘ఇండియన్ రౌండ్’ అని ఒక విభాగముంది. వెదురు, కర్ర విల్లుతో 50, 30 మీటర్ల దూరాల్లో వేయాలి. గురి అద్దాలు ఉండవు. అంటే అడవి విద్యకు నేరుగా తలుపు తెరిచి ఉంది. రాజస్థాన్‌లో ఉదయ్‌పుర్ దగ్గరి అహారీ గిరిజన కుర్రాడు లింబారాం చిన్నప్పుడు పట్టింది వెదురు విల్లే. 1980ల్లో క్రీడా ప్రాధికార సంస్థ గిరిజన ప్రాంతాల్లో ప్రతిభ వెతికినప్పుడు దొరికాడు. 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో దేశం తరఫున విల్లు పట్టేంత ఎత్తుకు ఎదిగాడు. అతన్ని అంత దూరం తీసుకెళ్లింది కొత్త విల్లు ఒక్కటే కాదు, పాత విల్లు నేర్పిన కన్ను కూడా.

మన పిల్లలకు దారి అంతకన్నా దగ్గరలో ఉంది. విజయవాడ నుంచి సురేఖ, రికర్వ్‌లో బొమ్మదేవర ధీరజ్ వచ్చారు. తెలంగాణలో పెద్దపల్లి జిల్లా అమ్మాయి తానిపర్తి చికిత 2025లో కాంపౌండ్ అండర్-21 ప్రపంచ విజేత అయింది. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో కాంపౌండ్ మిక్స్‌డ్ జట్టు పోటీ మొదటిసారి ఉండబోతోంది. భద్రాచలంలో సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ఉంది, కిన్నెరసానిలో గిరిజన సంక్షేమ శాఖ క్రీడా పాఠశాల ఉంది. ఊళ్లలో విల్లు చెక్కగల పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లు పోతే పోయేది పుస్తకాల్లో దొరికే విద్య కాదు.

కాబట్టి అధికారులకూ, కోచ్‌లకూ, ఏజెన్సీ బడుల్లో పాఠాలు చెప్పే మాస్టర్లకూ ఒక మనవి. పిల్లల చేతికి మొదట ఖరీదైన కాంపౌండ్ ఇచ్చి అద్దంలో చుక్క చూడమనకండి. ఊరి పెద్దాయన్ని బడికి పిలిచి, ఆయనకు తగిన గౌరవ వేతనమిచ్చి, వెదురు విల్లుతో మొదలుపెట్టించండి. గడ్డి కట్ట కట్టి పది మీటర్లలో, పదిహేను మీటర్లలో, దూరం చెప్పకుండా వేయించండి. ఏడాది అలా వేశాక ఇండియన్ రౌండ్‌కు పంపండి. అక్కడ నిలిచిన పిల్లకో పిల్లాడికో అప్పుడు భూతద్దం బిగించిన విల్లు ఇవ్వండి.