ముళ్లపూడి వెంకటరమణ ‘కోతికొమ్మచ్చి’: వృత్తి పరివర్తన – నైపుణ్య పరిశీలన

వ్యాససంగ్రహం:

ముళ్లపూడి వెంకటరమణ పత్రికారచన నుంచి చలనచిత్ర రచనకు మారిన తీరును ఆయన ఆత్మకథ ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఈ మార్పును సాహిత్యానికి కలిగిన నష్టంగా మాత్రమే చూసే అభిప్రాయం ఎంతవరకు నిలుస్తుందన్నది ప్రధాన ప్రశ్న.

కీలక పదాలు: ఆత్మకథ, వృత్తి పరివర్తన, సంభాషణ రచన, బాపు–రమణ, గోదావరి ప్రాంతం.

1. ఉపోద్ఘాతం

గోదావరి తీరంలోని ధవళేశ్వరంలో 1931లో జన్మించిన ముళ్లపూడి వెంకటరమణ చిన్నతనంలోనే తండ్రిని కోల్పోయి, తల్లితో మద్రాసు చేరారు. 1950లలో ‘ఆంధ్రపత్రిక’లో ఉపసంపాదకుడిగా పనిచేస్తూ కథకుడిగా, హాస్యరచయితగా పేరు పొందారు. 1962లో విడుదలైన ‘రక్తసంబంధం’ నాటికి ఆయన సినిమా మాటల రచయిత. అప్పటికి వయస్సు ముప్పై ఒకటి. నెల జీతం, పాఠకుల ఆదరణ రెండూ ఉన్న వృత్తిని వదిలి మరో పనితనాన్ని నేర్చుకోవడానికి పూనుకున్న సందర్భమిది. ‘స్వాతి’ వారపత్రికలో ధారావాహికగా వచ్చి, 2009 నుంచి పుస్తకరూపం పొందిన ‘కోతికొమ్మచ్చి’, దాని తరువాయి భాగాలు ఈ ప్రయాణానికి ముఖ్య ఆధారాలు.

2. పేరులోని సూచన

కోతికొమ్మచ్చి చెట్టెక్కి కొమ్మ నుంచి కొమ్మకు దూకే పిల్లల ఆట. జీవితాన్ని మెట్ల వరుసగా చెప్పడం ఆత్మకథల్లో పరిపాటి. రమణ ఎంచుకున్న పేరు ఆ పద్ధతిని మొదటే తోసిపుచ్చుతుంది. మెట్టెక్కినవాడు కింది మెట్టును వదిలేస్తాడు. కొమ్మ మారినవాడు మాత్రం అదే చెట్టు మీద ఉంటాడు. వృత్తి మార్పును అర్థం చేసుకోవడానికి ఈ తేడా కీలకం. కథనంలో కాలక్రమం పాటించకపోవడం హాస్యరచయిత చాపల్యంగా తోచవచ్చు. కాని పాత పని కొత్త పనిలోకి, కొత్త పని పాత జ్ఞాపకంలోకి చొరబడే తీరును చూపడానికి ఆ నిర్మాణమే అనుకూలం.

3. నేర్చినది, మార్చుకున్నది

రమణ సినిమారంగానికి పూర్తిగా కొత్తవారు కారు. పత్రికలో సినిమా సమీక్షలు రాశారు. ‘విక్రమార్కుడి మార్కు సింహాసనం’లో ఆ రంగాన్నే వ్యంగ్యానికి గురిచేశారు. అయితే లోపం పట్టుకోగలగడం వేరు, లోపం లేకుండా చేయగలగడం వేరు. ఆ రెండో విద్యకు ఆయనకు అక్కరకు వచ్చినది సమీక్షకుడి పరిజ్ఞానం కన్నా ‘బుడుగు’ రాసిన అనుభవమని చెప్పవచ్చు. ‘బుడుగు’లో చెప్పేది పిల్లవాడి గొంతు, చూపేది బాపు బొమ్మ. బొమ్మ చూపినదాన్ని మాట మళ్లీ చెప్పనక్కరలేదు. సంభాషణ రచయితకు అవసరమైన ఈ సంయమనం పత్రిక పుటమీదనే అలవడింది.

1967లో బాపు తొలిసారి దర్శకత్వం వహించిన ‘సాక్షి’ ఇందుకు నిదర్శనం. బాపు 1955లో న్యాయశాస్త్ర పట్టం పొంది, చిత్రకారుడిగా స్థిరపడి, ముప్పైల నడుమ దర్శకుడయ్యారు. అంటే వృత్తి మారినవారు ఇద్దరు. హంతకుడికి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పిన ఒక సామాన్య బల్లకట్టువాడికి ఊరు అండగా నిలవకపోవడం ఇందులోని ఇతివృత్తం. ఆ ఒంటరితనాన్ని కథలో ఒక వాక్యం వివరించగలదు. తెరమీద వీధి, ముఖం, మౌనం ఆ పని చేయాలి. వాక్యం తప్పుకోవలసిన చోటును గుర్తించడమే కథకుడు సినిమాలో నేర్వవలసిన మొదటి పాఠం. బాపు తన చిత్రాలకు ముందుగా బొమ్మలు గీసుకునే పద్ధతి కూడా పాత వృత్తి పనిముట్టు కొత్త వృత్తికి ఉపకరించినదే.

‘సాక్షి’ని గోదావరి తీరంలోని పులిదిండిలో చిత్రీకరించడం, ‘అందాల రాముడు’ (1973)లో గోదావరి మీద లాంచీ ప్రయాణమే కథాక్రమం కావడం గమనార్హం. ఊరు విడిచిన రచయిత కొత్త వృత్తికి కావలసిన ముడిసరుకును ఊరి నుంచే తెచ్చుకున్నారు.

4. నష్టం, పరిమితులు

సినిమా వల్ల తెలుగు కథ రమణను చాలావరకు కోల్పోయిందనే వాదనను తేలికగా కొట్టివేయలేము. చలనచిత్ర రచన పెరిగినకొద్దీ కథారచన తగ్గింది. ఈ మార్పుకు మూల్యం లేదనడం సత్యదూరం. ఆత్మకథకు మరొక పరిమితి కూడా ఉంది. ‘ఋణానందలహరి’లో అప్పును హాస్యవస్తువుగా మలచిన రచయిత, సొంత జీవితంలోని ఇబ్బందులనూ నవ్వుగానే మార్చి చెబుతారు. అందువల్ల చదువరికి ఆనందం మిగులుతుంది. అయితే ఒక సన్నివేశం ఎన్నిసార్లు తిరగరాశారు, ఎక్కడ విఫలమయ్యారు, ఆ వైఫల్యం ఇంటిని ఎంత కుదిపింది వంటి పని చరిత్ర నవ్వు వెనక మరుగున పడుతుంది. పరిశోధకుడు ఆ నవ్వును సాక్ష్యంగా స్వీకరిస్తూనే, అది దాచినదాన్ని కూడా ప్రశ్నించాలి.

అలాగే ఈ విజయాన్ని కేవలం వ్యక్తి ప్రతిభకు ఆపాదించడం సరికాదు. రమణ దూకిన ప్రతిచోటా బాపు స్నేహం ఆసరాగా ఉంది. ఇద్దరు కలిసి మారినపుడు ఒకరి అనుభవలేమిని మరొకరి నేర్పు భర్తీ చేస్తుంది. ఒంటరిగా వృత్తి మారేవారికి ఆ వెసులుబాటు ఉండదు.

5. ముగింపు

డెబ్బై ఏళ్లు దాటాక రమణ మళ్లీ వచనానికి వచ్చారు. ఆ వచనంలో చిన్న చిన్న సన్నివేశాలు, మాటలతో నడిచే ఘట్టాలు, ఒక కాలం నుంచి మరో కాలానికి హఠాత్తుగా సాగే కోతలు కనిపిస్తాయి. అవి చిత్రకథా రచనలో ఆరితేరిన చేతి గుర్తులు. పత్రికారచన సినిమాకు ఇచ్చినదాన్ని సినిమా ఈ ఆత్మకథ రూపంలో తిరిగి చెల్లించింది. కాబట్టి ఆయన వృత్తి మార్పును సాహిత్యం నుంచి నిష్క్రమణగా లెక్కించేటపుడు, రాయకుండా పోయిన కథలతో పాటు ఆ మార్పు లేకపోతే ఈ రూపంలో రాలేని ‘కోతికొమ్మచ్చి’ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. నష్టం నిజమే. కాని ఖాతాలో ఒక పుటను మాత్రమే చూసి తీర్పు చెప్పడం విమర్శకు తగదు.