గ్రంథాలయ నైతిక నిర్ణయం: ‘రాధికాసాంత్వనం’ ముద్రణల సాక్ష్యం

1. ఉపోద్ఘాతం

గ్రంథాలయ వృత్తినీతిని గురించిన చర్చ తరచుగా ఒకే ప్రశ్న దగ్గర ఆగిపోతుంది: అభ్యంతరం వచ్చిన పుస్తకాన్ని ఉంచాలా, తొలగించాలా? ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో వెలువరించిన పంచసూత్రాలు ఈ ప్రశ్నను మరింత లోతుకు తీసుకువెళతాయి. పుస్తకం వినియోగానికేననీ, ప్రతి పాఠకుడికీ తన పుస్తకం, ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు దొరకాలనీ ఆయన ప్రతిపాదన. అయితే ఒకే పేరుతో రెండు భిన్నపాఠాలు ఉన్నప్పుడు పాఠకుడికి దొరికినది ఏ పుస్తకం? ముద్దుపళని ‘రాధికాసాంత్వనం’ ముద్రణచరిత్ర ఆధారంగా ఈ ప్రశ్నను పరిశీలించవచ్చు.

2. ఒక కావ్యం, నాలుగు నిర్ణయాలు

ముద్దుపళని 18వ శతాబ్దిలో తంజావూరు మరాఠా ప్రభువు ప్రతాపసింహుని ఆస్థాన కవయిత్రి. ఆమె కావ్యాన్ని 1887లో పైడిపాటి వెంకటనరసు ముద్రించినప్పుడు అవతారికతో పాటు కొన్ని పద్యాలు కూడా లోపించాయి. కవయిత్రి తన స్త్రీ పరంపరను చెప్పుకొన్నది ఆ అవతారికలోనే. ఇది మొదటి నిర్ణయం.

కందుకూరి వీరేశలింగం ‘ఆంధ్ర కవుల చరిత్రము’లో ఆమె కవితాశక్తిని కొంత అంగీకరిస్తూనే, స్త్రీ నోట రాదగని శృంగారమని కావ్యాన్ని గర్హించారు. ఇది రెండవది. బెంగుళూరు నాగరత్నమ్మ ఒక వ్రాతప్రతిని సంపాదించి, ముద్రితపాఠంతో పోల్చి, 1910లో వావిళ్ల వారి ద్వారా సమగ్రపాఠాన్ని ప్రకటించారు. పురుష కవుల శృంగారానికి లేని అభ్యంతరం స్త్రీ రచనకే ఎందుకని ఆమె తన పీఠికలో నిలదీశారు. ఇది మూడవది. 1911లో ప్రభుత్వం ప్రతులను స్వాధీనం చేసుకోవడం నాలుగవది. 1947లో నిషేధం తొలగింది. 1952లో వావిళ్ల వారు గ్రంథాన్ని పునర్ముద్రించారు.

ఈ నాలుగింటిలో నిషేధమే ఎక్కువగా చర్చకు వచ్చింది. కానీ నిషేధం బహిరంగమైనది. దానికి ఉత్తర్వు ఉంటుంది, తేదీ ఉంటుంది, విన్నపానికి అవకాశం ఉంటుంది. 1887 నాటి లోపానికి అవేవీ లేవు. పుస్తకం బీరువాలో ఉంటుంది, అడిగిన వారికి అందుతుంది; అందులో ఏమి లేదో మాత్రం పాఠకుడికి తెలియదు. నాగరత్నమ్మకు వ్రాతప్రతి దొరకకపోయి ఉంటే ఆ లోపం లోపంగానే కనబడేది కాదు.

3. కేటలాగు మౌనం

గ్రంథాలయాధికారి నైతిక బాధ్యత ఇక్కడే మొదలవుతుంది. కర్త, శీర్షిక, సంవత్సరం మాత్రమే నమోదైన కేటలాగులో 1887, 1910, 1952 ముద్రణలు ఒకే కావ్యానికి సమానమైన ప్రతులుగా కనిపిస్తాయి. పరిశోధకుడు చేతికి అందిన ప్రతిని బట్టి కవయిత్రిని గురించి నిర్ధారణలు చేస్తాడు. తప్పు అతనిదే అయినా, దానికి దారి కేటలాగులో ఉంది.

దీనికి రెండు ఆక్షేపణలు రావచ్చు. మొదటిది, కేటలాగు తటస్థంగా ఉండాలి, వ్యాఖ్య తగదు అన్నది. అంతర్జాతీయ గ్రంథాలయ సంఘాల సమాఖ్య 2012లో ఆమోదించిన నీతినియమావళి కూడా తటస్థతను కోరుతుంది. అయితే ‘అవతారిక లేని ముద్రణ’ అన్నది వాస్తవవివరణ. ‘అశ్లీలం’ అన్నది తీర్పు. మొదటిది పాఠకుడి విచక్షణకు ఆధారం ఇస్తుంది, రెండవది ఆ విచక్షణను లాగేసుకుంటుంది. ఈ భేదాన్ని పాటించడమే తటస్థత. మౌనం తటస్థత కాదు.

రెండవది, పాఠాంతరాలను పోల్చడం పరిష్కర్తల పని, గ్రంథాలయ సిబ్బందికి అంత వ్యవధి ఉండదు అన్నది. ఇది న్యాయమైన మాట. కానీ ఇక్కడ కోరుతున్నది పాఠపరిష్కారం కాదు. పాఠభేదం అప్పటికే ఒక పీఠికలో నమోదై ఉన్నప్పుడు దానిని ఒక వాక్యంగా కేటలాగుకు ఎక్కించడమే.

నిషేధకాలంలోనూ ఇదే ప్రమాణం వర్తిస్తుంది. చట్టాన్ని అనుసరించి ప్రతిని అప్పగించవలసి వచ్చినా, పరిగ్రహణ పట్టికలో దాని పద్దును కొట్టివేయకుండా కారణాన్ని, తేదీని నమోదు చేయవచ్చు. ప్రతి పోయినా పద్దు మిగిలితే, తరువాతి తరం దేనిని వెదకాలో తెలుసుకుంటుంది.

4. ముగింపు

పాత ముద్రణలు స్కాన్ ప్రతులుగా వ్యాపిస్తున్న ఈ కాలంలో ఈ బాధ్యత మరింత పెరిగింది. ముందుగా డిజిటల్ రూపం పొందిన ముద్రణే అసలు పాఠంగా చెలామణి అయ్యే ప్రమాదం ఉంది. కాబట్టి గ్రంథాలయ నైతికతను పుస్తకాన్ని ఉంచడం, తీయడం అనే రెండు చర్యలతోనే కొలవడం చాలదు. ఉన్న పుస్తకాన్ని గురించి పాఠకుడికి నిజం చెప్పడం మూడవ చర్య. ముద్దుపళని విషయంలో గ్రంథం దొరకడానికీ, కవయిత్రి దొరకడానికీ మధ్య ఉన్న దూరం ఒక అవతారిక మాత్రమే. ఆ దూరాన్ని పాఠకుడికి సూచించడానికి కేటలాగులో ఒక్క పంక్తి చాలు.