కవరు కింది తోలు

మాఘం దాటిందంటే మా కేసముద్రం గాలిలో పసుపు, మిరప కలిసి తిరుగుతుంటాయి. మార్కెట్ యార్డు వైపు కారు అద్దం దించుకుని వెళ్తే తుమ్ములు మనకు, దుమ్ము సీటుకు. ఆ పొడి తోలు మీది సన్నని గీతల్లోకి దిగి కూర్చుంటుంది. పొడిగుడ్డతో దులిపామో, గరుకు కాగితంతో రుద్దినట్టే.

నా కారు హైదరాబాదులో చేతులు మారి నా దాకా వచ్చిన పాత బండి. తోలు సీట్లు. డ్రైవరు సీటు కుడి అంచు, ఎక్కి దిగేటప్పుడు ఒరుసుకునే చోటు, తెల్లబారింది. స్టీరింగ్ తోలు చేతి చెమటకు మొదట మెరుపెక్కింది, తర్వాత పొట్టు రేగింది. గేరు రాడ్డు చుట్టూ ఉండే తోలు తొడుగు కుట్లు విడిచింది. వరంగల్‌లో కుషన్ పనిచేసే అతను ఒకసారి తడిమి చూసి, "ఇదంత ఇప్పేసి మంచి రెగ్జిన్ ఏస్త సార్, పొద్దుమీకి బండి తీస్కపోండ్రి" అన్నాడు. అతన్ని తప్పుపట్టలేం. కొత్త రెగ్జిన్‌కు మీటరు ధర ఉంది, కుట్టుకూలి ఉంది. ఉన్నదాన్ని బాగుచేయడానికి ఎంత అడగాలో ఎవరికీ తెలియదు.

మనకు కవరు మీద ప్రేమ ఎక్కువ. కొత్త కారు సీట్ల ప్లాస్టిక్ సంచులు చిరిగేదాకా తీయం. తీశాక కవరు, కవరు మీద తువాలు. కింద ఖరీదైన తోలు ఉందని చెప్పుకోవడమే గాని దాని మీద కూర్చున్నవాడు లేడు. పోనీ అది క్షేమంగా ఉంటుందా అంటే అదీ లేదు. కవరు సందుల్లోంచి దూరిన ఇసుక లోపలే ఉండి, మనం కదిలినప్పుడల్లా తోలును రాస్తుంది. వానాకాలం చెమ్మ చేరితే బూజు సరేసరి.

అరిగిందని మనం అనుకునేది చాలాసార్లు తోలు కాదు, రంగు. కార్ల సీట్లకు వాడే తోలులో ఎక్కువ భాగం క్రోమియం లవణాలతో పదును చేసింది. దాని మీద రంగుపూత, ఆ పైన కంటికి కనబడని రక్షణ పూత ఉంటాయి. ముందు పోయేది ఈ పూతలే. మూలన ఒక నీటిబొట్టు వేస్తే తెలుస్తుంది: బొట్టు నిలిస్తే పూత ఉన్నట్టు, ఇంకితే పోయినట్టు. పూత బాగున్న తోలుకు కొబ్బరినూనె పట్టించమని సలహా ఇచ్చేవాళ్లు ఊరూరా ఉన్నారు. ఆ నూనె లోపలికి పోదు, పైనే జిడ్డుగా నిలిచి మిరప దుమ్మును పిలుస్తుంది.

అసలు అది తోలేనా అని ముందు చూసుకోవాలి. తోలు సీట్లని అమ్మిన కార్లలోనూ చాలావాటికి ఒంటికి తగిలే భాగమే తోలు, పక్కలూ వీపూ రెగ్జిన్. సీటు కింద తెగిన అంచు దొరికితే చూడండి. తోలైతే పీచు కనబడుతుంది, రెగ్జిన్ అయితే గుడ్డ. 2014లో తయారీ ఆగిపోయిన అంబాసిడర్‌లో మనం చెమటలు కక్కుతూ కూర్చున్నది ఎక్కువగా రెగ్జిన్ మీదే. రెగ్జిన్‌ను మెత్తగా ఉంచే రసాయనం ఏళ్ల ఎండకు బయటికి పోతే అది పెళుసెక్కి పగులుతుంది. ఏ నూనే దాన్ని తిరిగి తేలేదు.

తోలైతే దారి ఉంది. సగం పని శుభ్రం చేయడమే: గాఢత లేని సబ్బు నురుగు, మెత్తని బ్రష్షు, తడిపి పిండిన గుడ్డ. నీళ్లు పోయకూడదు, నురుగు చాలు. గుడ్డకు అంటిన నలుపు చూశాక, ఇన్నాళ్లూ సీటు రంగనుకున్నది మురికని తెలుస్తుంది. తర్వాత రంగు పోయినచోట ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో జిడ్డు తీసి, సన్నని గరుకు కాగితంతో తేలిగ్గా సాపు చేయాలి. పగుళ్లకు వంగే గుణమున్న పూరకాన్ని పలచగా, పొర ఆరాక పొరగా పెట్టాలి. రంగు స్పాంజితో అద్దాలి, పులమకూడదు. చివర మెరుపు లేని రక్షణ పూత. రంగు కలపడమే అన్నిటికంటే కష్టం. డబ్బాలో ఒకలా, ఆరాక ఒకలా ఉంటుంది. అందుకే సీటు అడుగున ఎవరికీ కనబడని చోట ముందు వేసి చూడాలి.

గేరు తొడుగును మాత్రం స్టేషన్ దగ్గర చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆరె చేతిలోకి తీసుకుని తొడుగును అటూఇటూ తిప్పాడు. "పాత పొక్కలల్లకెల్లే దారం పోవాలె సారూ. కొత్త పొక్క పొడిస్తే గాడికెల్లే చినుగుతది" అన్నాడు. నూలు దారం చెమటకు కుళ్లుతుందని నైలాన్ దారం తీశాడు. కారు పని ఎన్నడూ చేయలేదట, తోలు పని మాత్రం తాతలనాటిది.

ఆ తాతల కాలంలో పల్లెల్లో ఊరి చివర తోళ్లు పదునుచేసే లందలుండేవి. సున్నంలో నానబెట్టి వెంట్రుక తీసిన తోలును తంగేడు చెక్క రసంలో వారాల తరబడి ఊరేసేవారు. మోటబొక్కెన, చెప్పు, వ్యవసాయానికి కావలసిన వార్లు అక్కణ్నుంచే వచ్చేవి. బతుకమ్మలో పేర్చి, రాష్ట్ర పుష్పంగా పెట్టుకున్న తంగేడు అదే. దాని చెక్కతో పదునుచేసిన దక్షిణాది తోలు ఈస్ట్ ఇండియా లెదర్ పేరుతో సముద్రాలు దాటింది. పువ్వు ఇంట్లోకి వచ్చింది. చెక్కతో పనిచేసిన మాదిగ చేతులను ఊరు వాకిట్లోకి కూడా రానివ్వలేదు. అదే తోలు కారులోకి ఎక్కితే హోదా అయింది.

ఆ పనిని శాస్త్రంగా చూసిన తెలుగువాడు యలవర్తి నాయుడమ్మ. అప్పటి గుంటూరు జిల్లా యలవర్రులో రైతు ఇంట పుట్టి, 1958 నుంచి 1971 దాకా మద్రాసులోని కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థను నడిపారు. తోలు పనివాళ్ల దగ్గరికి ప్రయోగశాలే వెళ్లాలని నమ్మిన మనిషి. 1985 జూన్ 23న కనిష్క విమానం పేలుడులో పోయారు.

సీటు అంచు ఇప్పుడు మిగతా సీటు రంగులో కలిసింది. కూర్చునేచోట పడ్డ ముడతలను వదిలేశాను. పూరకంతో నింపితే అవి పోతాయి గాని, సీటు రెగ్జిన్‌లా కనబడుతుంది. ఇక తువాలు వేయాలా వద్దా అన్నది మా ఇంట్లో ఇంకా తేలలేదు. యార్డుకు పోయి వచ్చిన లుంగీతో ఎక్కే మా పెద్దబాపు ఉన్నంతకాలం తేలేలా లేదు.