మారీకి ఐదేళ్ల గడువు

1997లో ప్లేస్టేషన్‌పై వచ్చిన 'అటెలియే మారీ'లో లోకాన్ని కాపాడే బాధ్యతేదీ నెత్తిన పడదు. జపాన్‌కు చెందిన గస్ట్ సంస్థ ఆట ఇది. మారీ రసవాద విద్యాలయంలో చదువు అంతంతమాత్రమైన పిల్ల. గురువు ఇంగ్రిడ్ ఓ పనిగది అప్పగించి, ఐదేళ్లలో మెచ్చుకోదగ్గ వస్తువేదైనా చేసి చూపమంటుంది.

ఆడేవాళ్ల నేర్పంతా రోజుల లెక్కలోనే ఉంది. ఊరవతలికి పోయి ముడిసరుకు ఏరుకురావడానికి కొన్ని రోజులు, కలిపి తయారుచేయడానికి ఇంకొన్ని. కొత్త తయారీ తెలియాలంటే పుస్తకం కొనాలి. పుస్తకానికి డబ్బు కావాలంటే అడిగినవాళ్లకు అడిగిన సరుకు వేళకు అందించాలి. చెయ్యి తిరిగినవాళ్లు బుల్లి ఫెయిరీలను జీతానికి పెట్టుకుని ఏరే పని వాళ్లకు వదిలేస్తారు. ఎంత ముచ్చటైన పొదుపో!

జబ్బుపడ్డ స్నేహితురాలు షియా కోసం చేసే మందు ముందు రాక్షసుల వేట కూడా చిన్నదే.

2023లో ఈ ఆట కొత్త హంగులతో మళ్లీ వచ్చింది. గడువు లేకుండా ఆడే వీలూ ఉంది. మీరు మాత్రం గడువు పెట్టుకునే ఆడండి.