చమురు చిక్కదన మెఱిగిన చేయి

ఉస్మానియా ప్రాంగణము చేరువనున్న తార్నాకలో, సరకు మోయు డీజిల్ పికప్ బండి బానెట్టును ఎత్తిన మెకానిక్కు, చమురు డబ్బా మూత విప్పుటకు ముందు, బండి యెన్ని కిలోమీటర్లు తిరిగెనో, యెంత బరువు మోయుచున్నదో యడిగి, కంపెనీ పుస్తకమున విధించిన గ్రేడును సరిచూచుకొను శ్రద్ధ సర్వథా ప్రశంసనీయము. 15డబ్ల్యూ-40 అను చమురు గ్రేడులో మొదటి సంఖ్య చలిలో చమురు ప్రవహించు తీరును, రెండవది 100 డిగ్రీల సెల్సియస్ వేడిమిలో అది నిలుపుకొను చిక్కదనమును సూచించును. మిక్కిలి పలుచనైనచో బేరింగుల నడుమ పొర తెగి లోహము లోహమును ఒరయును. మిక్కిలి చిక్కనైనచో తెల్లవాఱుజామున స్టార్టు చేయఁగనే పైభాగములకు చేరుట ఆలస్యమై, డీజిలు ఖర్చును పెరుగును. ఈ రెంటి నడుమ ఉచితమైనదానిని ఎంచి, కొలిచి పోసి, డిప్‌స్టిక్కును తుడిచి ముంచి మట్టము చూచు ఆ వివేకము వలననే ఒక కుటుంబమునకు జీవనాధారమైన ఇంజను చిరకాలము మన్నుచున్నది.